ఖరీదైన ఫిల్టర్ వేయిస్తే అత్తయ్యకు సీఆర్‌పీ తగ్గుతుందా? పీచు తిండి పెట్టొచ్చా?

గుణుపురం కోడలు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అత్తయ్యకు 61 ఏళ్లు. డయాలసిస్ మొదలై 14 నెలలైంది, వారానికి రెండుసార్లు తీసుకెళ్తున్నాం. మొదట మెడ దగ్గర పైపు పెట్టారు. తర్వాత ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలపడం) చేశారు గానీ అది నిలబడలేదు. మళ్లీ మెడ పైపుతోనే నడుస్తోంది.

ఇప్పుడు బాధ ఏమిటంటే, ఎంత చేసినా రక్తం పెరగడం లేదు. ప్రతి వారం ఇంజెక్షన్ ఇస్తున్నారు, ఐరన్ ఎక్కించారు, అయినా హిమోగ్లోబిన్ 7.8 దాటలేదు. ఆకలి లేదు, మనిషి సగమైపోయింది. చెయ్యి పైకెత్తితే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. "ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నట్టుంది, సీఆర్‌పీ చూద్దాం" అన్నారు డాక్టరుగారు. చేయిస్తే 1.8 వచ్చింది. 5 లోపు ఉంటే నార్మల్ అని నెట్‌లో చూసి ఊపిరి పీల్చుకున్నాం.

డయాలసిస్ దగ్గర కూర్చున్న ఒకాయన "రక్తాన్ని వడగట్టే ఫిల్టర్ మామూలుది కాకుండా హై ఫ్లక్స్‌ది వేయించండమ్మా, లోపలి వాపు తగ్గుతుంది" అన్నారు. ఇంకొకావిడ పీచు బాగా పెట్టమంది. పీచంటే కూరలూ పళ్లే కదా? ఒంట్లో పొటాషియం పెరిగిపోతుందన్న భయంతో అవన్నీ మాన్పించి ఏడాదైంది. తెల్లన్నం, చారు, గుడ్డు తెల్లసొన, అంతే. మూడు నాలుగు రోజులకోసారి గానీ విరేచనం కాదు. ఫిల్టర్‌కి డబ్బు కట్టాలంటే మావారు అప్పు చేసైనా తెస్తానంటున్నారు. కానీ అత్తయ్య కాళ్లకు వాపే లేదు, మరి ఏ వాపు తగ్గాలి?

బరంపురం టెక్నీషియన్ | సోమవారం, రాత్రి 10:15

అక్కా, ముందు ఆ రిపోర్టు మళ్లీ తీయండి. 1.8 పక్కన ఏం రాసి ఉంది? లీటరుకా, డెసిలీటరుకా?

గుణుపురం కోడలు | సోమవారం, రాత్రి 10:32

డెసిలీటరుకు మిల్లీగ్రాములు అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో 0.5 లోపు ఉండాలని కూడా ఉంది. ఇది మేం చూడనేలేదు.

బరంపురం టెక్నీషియన్ | సోమవారం, రాత్రి 10:50

అయితే మీరు నెట్‌లో చూసిన లెక్క ప్రకారం అది 18. ఒక్కో ల్యాబ్ ఒక్కో కొలతలో ఇస్తుంది, చాలామంది ఇక్కడే పొరపడతారు. కంగారు పడకండి గానీ రేపే ఆ కాగితం డాక్టరుగారికి చూపించండి. హిమోగ్లోబిన్ ఎందుకు పెరగడం లేదో దీన్ని బట్టే తెలియొచ్చు.

ఇక మీరడిగిన వాపు. ఇన్‌ఫ్లమేషన్‌ను తెలుగులో వాపు అనేసరికి అందరూ కాళ్లు చూసుకుంటారు. కాళ్ల వాపు నీరు చేరడం వల్ల వస్తుంది. ఇది వేరు. శరీరం లోపల ఏదో శత్రువు ఉన్నట్టు రక్తంలోని కణాలు రోజంతా యుద్ధంలో ఉండడం. బయటికి ఏమీ కనిపించదు. అలా ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువ చేస్తుంది. అది ఐరన్‌ను నిల్వల్లోనే తాళం వేసి ఉంచుతుంది. ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ రిపోర్టులో ఐరన్ దండిగా ఉన్నట్టు కనిపిస్తుంది, ఎముకల మూలుగకి మాత్రం అందదు. అప్పుడు ఇంజెక్షన్ మోతాదు పెంచినా గోడకు చెప్పినట్టే.

నేను పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఒక్క మాట అడుగుతాను, బాగా గుర్తు చేసుకుని చెప్పండి. డయాలసిస్ ఎక్కిన అరగంటకో గంటకో అత్తయ్యగారికి చలి వేస్తుందా? వణుకు వస్తుందా?

గుణుపురం కోడలు | సోమవారం, రాత్రి 11:05

వేస్తుంది. రెండు నెలలుగా. ఏసీ వల్ల అనుకుని ఇంటి నుంచి దుప్పటి తీసుకెళ్లి కప్పుతున్నాం. సాయంత్రానికి ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, పారాసిటమాల్ వేస్తే తగ్గిపోతుంది. డాక్టరుగారికి చెప్పాలని అనుకోలేదు.

బరంపురం టెక్నీషియన్ | సోమవారం, రాత్రి 11:12

అక్కా, ఫిల్టర్ సంగతి పక్కన పెట్టండి. రేపు పొద్దున్నే వెళ్లండి. మెడ పైపులో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి. పైపు నుంచీ, చేతి నుంచీ రక్తం తీసి కల్చర్‌కి (అందులో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్షకి) పంపమని అడగండి. రెండు నెలల సంగతి, దుప్పటి సంగతి, పారాసిటమాల్ సంగతి ఒక్కటీ వదలకుండా చెప్పండి. రిపోర్టు వచ్చేదాకా ఆగాలా వద్దా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. ఈ రాత్రే చలి, వణుకు, జ్వరం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా తెల్లారేదాకా చూడకండి.

నిర్వాహకులు | మంగళవారం, ఉదయం 7:00

ఈ చర్చను పైన ఉంచుతున్నాం. మందుల పేర్లు, మోతాదులు ఇక్కడ రాయవద్దని సభ్యులకు మనవి. అనుభవాలు, వివరాలు రాయండి.

జయపురం మాస్టారు | మంగళవారం, ఉదయం 8:20

అమ్మా, అత్తగారిని తీసుకెళ్లే ఉంటారు. మీరు వచ్చేలోగా ఆ ఫిల్టర్ గురించి నాకు తెలిసింది రాస్తాను. నా భార్యకు నాలుగేళ్లు డయాలసిస్ జరిగింది. ఆమె పక్కన కూర్చుని ఆ గొట్టాన్ని చూస్తూనే ఇదంతా నేర్చుకున్నాను. కోరాపుట్ జిల్లాలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినా ఆ రోజుల వరకు నాకు ఇందులో ఏదీ తెలియదు.

1943లో నెదర్లాండ్స్‌లోని కాంపెన్ అనే ఊళ్లో, జర్మన్ల ఆక్రమణ నడుస్తుండగా, విలెం కోల్ఫ్ అనే డాక్టరు సాసేజ్‌లకు తొడిగే సెలోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిప్పుతూ అందులోంచి రోగి రక్తాన్ని పోనిచ్చాడు. మొదటి రోగులు దక్కలేదు. 1945లో 67 ఏళ్ల ఆవిడ కోమా లోంచి లేచింది. సెలోఫేన్ అంటే సెల్యులోజ్, చెట్టు నుంచి వచ్చేది. చాలా ఏళ్లపాటు ఫిల్టర్లన్నీ ఆ జాతివే.

1970ల్లో ఒక సంగతి బయటపడింది. అలాంటి పొరకు రక్తం తగిలిన పావుగంటకే తెల్లకణాల సంఖ్య దభీమని పడిపోయేది. ఆ పొర మీది హైడ్రాక్సిల్ గుంపుల్ని మన రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ పరాయి వస్తువుగా గుర్తించి మేల్కొనేది, తెల్లకణాలు వెళ్లి ఊపిరితిత్తుల్లో ఇరుక్కునేవి. ప్రాణం నిలపడానికి పెట్టిన పొరే వారానికి మూడుసార్లు ఒంట్లో మంట రాజేసేది. అందుకే ఆ హైడ్రాక్సిల్ గుంపుల్ని కప్పేసిన సెల్యులోజ్ అసిటేట్లు వచ్చాయి. ఆ తర్వాత పాలీసల్ఫోన్, పాలీఈథర్‌సల్ఫోన్ లాంటి సింథటిక్ పొరలు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఇవే. కాబట్టి మామూలు ఫిల్టరంటే పాత రకం, మంట పెట్టేది అనుకోనక్కర్లేదు.

నా భార్య ఫిల్టర్‌ని ఒకసారి వెలుతురుకు ఎత్తి చూశాను. లోపల తెల్లటి దారాల కట్ట. సుమారు పదివేల దారాలు, ఒక్కోటీ లోపల గుల్లగా, ఒక మిల్లీమీటరులో ఐదో వంతు రంధ్రం. రక్తం దారాల లోపల ఒకవైపు పోతుంటే, బయట డయాలసిస్ నీరు ఎదురుగా వస్తుంది. ఆమెకు చూపిస్తే "జుట్టులా ఉందండీ" అంది.

పీజీ డాక్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:45

మాస్టారు చెప్పినదానికి కొనసాగింపుగా రాస్తున్నాను. మాది పర్లాకిమిడి, ఇప్పుడు బయట చదువుతున్నాను.

లో ఫ్లక్స్, హై ఫ్లక్స్ అన్నవి పొరలోని రంధ్రాల సంగతి. యూరియా అణువు బరువు 60 డాల్టన్లు (అణువుల బరువుకి అదే కొలత), క్రియాటినిన్ 113. ఈ రెండూ ఏ ఫిల్టర్‌లోనైనా బయటికి పోతాయి. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీను దాదాపు 11,800. అది లో ఫ్లక్స్‌లో పోదు, హై ఫ్లక్స్‌లో కొంత పోతుంది. ఏళ్ల తరబడి పేరుకుంటే కీళ్లు, మణికట్టు పాడు చేసేది అదే. అంటే హై ఫ్లక్స్‌కి లాభం ఉంది. కానీ ఎంత? 2002లో వచ్చిన హీమో అధ్యయనంలో 1,846 మందిని చూస్తే, మొత్తం మరణాల్లో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2009లో యూరప్‌లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను డెసిలీటరుకు 4 గ్రాములు లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకు హై ఫ్లక్స్ మేలు చేసింది. చిక్కిపోయిన అత్తయ్యగారు బహుశా ఈ గుంపులోకే వస్తారు. 2023లో వచ్చిన కన్విన్స్ అధ్యయనంలో, హై ఫ్లక్స్ పొరతోనే ఇంకా ఎక్కువ నీటిని లాగి నింపే హీమోడయాఫిల్ట్రేషన్ పద్ధతిలో మరణాలు 17.3 శాతం, మామూలు హై ఫ్లక్స్ డయాలసిస్‌లో 21.9 శాతం. కానీ దానికి అతి శుద్ధమైన నీరు, ప్రత్యేక మెషీన్ ఉండాలి.

నీటి సంగతి అందరూ మర్చిపోతారు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల నీరు ఆ పొరకు అవతలి వైపు పారుతుంది. రంధ్రాలు పెద్దవైనకొద్దీ ఆ నీటిలోని బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి వెనక్కి రావడానికి దారి పెరుగుతుంది. నీరు బాగా లేని చోట ఖరీదైన ఫిల్టర్ పెడితే సీఆర్‌పీ తగ్గకపోగా పెరగనూ వచ్చు. అందుకని "ఏ ఫిల్టర్?" అనే ముందు "ఆర్‌ఓ నీటికి కల్చర్, ఎండోటాక్సిన్ పరీక్షలు ఎప్పుడు చేశారు?" అని మర్యాదగా అడగండి. ఎండోటాక్సిన్ అంటే ఆ బ్యాక్టీరియా ముక్కల విషమే. అడిగే హక్కు మీకుంది.

బరంపురం టెక్నీషియన్ | మంగళవారం, సాయంత్రం 6:10

డాక్టరుగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి కూడా. ఫిల్టర్‌ని కడిగి మళ్లీ వాడే చోట, అందులో పట్టే నీటి కొలత మొదటిదానిలో 80 శాతం కంటే తగ్గితే పారేయాలి. కడిగిన మందు మిగిలిందా లేదా అని ప్రతిసారీ స్ట్రిప్‌తో చూడాలి. ఫిల్టర్ మీద అత్తయ్యగారి పేరు, ఎన్నోసారి అన్నది రాసి ఉంటాయి, ఎక్కే ముందు మీరూ ఒకసారి చదవండి.

నా మనసులో మాట చెప్పనా అక్కా? అప్పు చేసి ఫిల్టర్ మార్చేకంటే, కుదిరితే వారానికి మూడో డయాలసిస్‌కి తీసుకెళ్లండి. పెద్ద అణువులు పోవాలంటే పొరతోపాటు సమయం కూడా కావాలి. రెండుసార్లు చేయించుకునే వాళ్లలో నాలుగు గంటలు నిండకుండానే "బస్సు పోతుంది, తీసేయ్ బాబూ" అనేవాళ్లు ఎంతమందో.

కాశీనగరం తమ్ముడు | మంగళవారం, రాత్రి 8:30

వదినా, పీచు కావాలంటే ఇసబ్‌గోల్ పొట్టు రోజూ రెండు చెంచాలు వేయండి. మా నాన్నకు మలబద్ధకం పోయింది. కూరలతో పనిలేదు.

పర్లాకిమిడి డైటీషియన్ | మంగళవారం, రాత్రి 9:15

తమ్ముడూ, నాన్నగారికి నయమైనందుకు సంతోషం. కానీ ఆయనకు డయాలసిస్ లేదనుకుంటాను. ఇసబ్‌గోల్ నిండు గ్లాసు నీటితో వేసుకోవాలి, లేకపోతే లోపల గడ్డకట్టి అడ్డుపడుతుంది. డయాలసిస్ మనిషికి రోజంతా తాగడానికి ఇచ్చే నీరే మూడు నాలుగు గ్లాసులుంటే ఎక్కువ. వేరే మాత్రలతో కలిసి వేస్తే వాటినీ సరిగా ఒంటికి పట్టనివ్వదు. డాక్టరు చెబితే తప్ప వద్దు.

ఇప్పుడు గుణుపురం అమ్మాయికి. నీ పోస్టు చదివి నిన్న రాత్రి చాలాసేపు బాధపడ్డాను. నువ్వు తప్పు చేశావని కాదు. "ఇది తినొద్దు, అది తినొద్దు" అని పెద్ద జాబితా ఇచ్చి, ఏం తినాలో చెప్పకుండా పంపిస్తాం. ఇంట్లో వాళ్లు భయంతో తెల్లన్నం, చారుకు దిగిపోతారు. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎంతోమంది పరిస్థితి ఇదే.

చారు దేనితో పెడుతున్నావు? చింతపండు, టమాటా కదా. పొటాషియం నీళ్లలో కరిగేది. కూర ముక్కలోంచి చారులోకి దిగిపోతుంది. అంటే ముక్క మానేసి, పొటాషియం ఉన్న నీళ్లు పోస్తున్నావు. దాన్ని తిరగెయ్యి. కూరగాయను చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి, అప్పుడు పోపు పెట్టు. పొటాషియం చాలావరకు నీళ్లతో పోతుంది, పీచు మాత్రం ముక్కలోనే ఉంటుంది. ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, పొట్లకాయ, క్యాబేజీ ఇలా వండు. మునగాకు, పాలకూర, బంగాళాదుంప, చేమదుంప, కొబ్బరి నీళ్లు, అరటిపండు ఇప్పుడు వద్దు. మీ వైపు ఒడియా ఇళ్లలో పచ్చడి చేసే కరమంగ, అదే స్టార్ ఫ్రూట్, ఒక్క ముక్క కూడా నోట పెట్టనివ్వకు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది మెదడు మీద దెబ్బ కొట్టే విషం, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

మలబద్ధకాన్ని చిన్న బాధ అనుకోకు. కిడ్నీలు పోయాక పేగు ఆ పనిలో కొంత తన మీద వేసుకుంటుంది. మామూలు మనిషిలో పదో వంతు పొటాషియం మలంతో పోతే, డయాలసిస్ మనిషిలో నాలుగో వంతు దాకా పోవచ్చు. మూడు రోజులు విరేచనం కాకపోతే ఆ దారీ మూసుకుపోతుంది. పొటాషియం భయంతో పీచు మానేస్తే పొటాషియమే పెరుగుతుంది.

పీజీ డాక్టర్ | మంగళవారం, రాత్రి 10:40

మేడమ్ చెప్పినదానికీ ఇన్‌ఫ్లమేషన్‌కీ నేరుగా సంబంధం ఉంది. పీ-క్రెసిల్ సల్ఫేట్, ఇండాక్సిల్ సల్ఫేట్ అని రెండు విషాలున్నాయి. ఇవి మొదలయ్యేది పెద్దపేగులో. తిండిలోని ప్రోటీను అరగకుండా అక్కడికి చేరితే బ్యాక్టీరియా దాన్ని కుళ్లబెట్టి వీటికి ముడిసరుకు తయారుచేస్తుంది. రక్తంలోకి వచ్చాక ఇవి 90 శాతానికి పైగా ఆల్బుమిన్‌ని పట్టుకుని తిరుగుతాయి. ఆల్బుమిన్‌ను ఫిల్టర్ వదలకూడదు, అందుకని దాన్ని పట్టుకున్న విషమూ లోపలే ఉండిపోతుంది. లో ఫ్లక్స్ అయినా హై ఫ్లక్స్ అయినా వీటి విషయంలో చేయగలిగింది తక్కువ.

పీచు చేరితే అదే బ్యాక్టీరియా ప్రోటీనును వదిలి పీచును పులియబెడుతుంది. బ్యూటిరేట్ లాంటి చిన్న ఆమ్లాలు తయారవుతాయి, పేగు గోడ కణాలకు అదే తిండి. గోడ గట్టిగా ఉంటే బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారవు. 2014లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో, హీమోడయాలసిస్ వాళ్లకు ఆరు వారాలు రెసిస్టెంట్ స్టార్చ్ (చిన్నపేగులో అరగకుండా పీచులా పెద్దపేగుకు చేరే పిండిపదార్థం) ఇస్తే రక్తంలో విడిగా తిరిగే ఇండాక్సిల్ సల్ఫేట్ తగ్గింది. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే లెక్కలతో 2012లో వచ్చిన పరిశీలనలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు రోజుకు తినే పీచు ప్రతి 10 గ్రాములు పెరిగినకొద్దీ సీఆర్‌పీ ఎక్కువగా ఉండే అవకాశం 38 శాతం తగ్గింది. జబ్బు లేనివాళ్లలో 11 శాతమే. అది పరిశీలన మాత్రమే, పీచు వల్లే తగ్గిందని దాంతో తేలిపోదు. అయినా ఇంత తక్కువ ఖర్చులో చేయగలిగింది వేరే కనిపించదు నాకు.

ఇచ్ఛాపురం పేషెంటు | బుధవారం, ఉదయం 6:30

ఆరేళ్ల నుంచి డయాలసిస్ మీదున్నాను. మా ఉద్దానంలో ఇంటికొకరు ఈ జబ్బుతో ఉన్న ఊళ్లున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి వచ్చాక కొంచెం దూరం తగ్గింది. నాకొక సందేహం. రెసిస్టెంట్ స్టార్చ్ అంటే చల్లారిన అన్నంలో వచ్చేదేనంటగా? మా వియ్యాలవారిది బరంపురం, వాళ్లు పఖాళ తింటారు, మేం తరవాణి అన్నం తింటాం. అది తినొచ్చా?

పర్లాకిమిడి డైటీషియన్ | బుధవారం, ఉదయం 9:00

మంచి ప్రశ్న బాబాయ్. వండి చల్లార్చిన అన్నంలో అది పెరిగే మాట నిజం. పెరిగినా వంద గ్రాములకు ఒకటి రెండు గ్రాములే. పైగా పఖాళలో నీరు, ఉప్పు. ఆ నీరు మీ రోజు లెక్కలోకి వస్తుంది, ఉప్పు దాహం పెంచుతుంది. ఎండాకాలం రాత్రంతా బయట ఉన్న అన్నంలో సూక్ష్మజీవులూ పెరుగుతాయి. కావాలంటే వండిన అన్నాన్ని త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలు వచ్చేలా వేడిచేసి తినండి.

దానికంటే చోళ్లు, అదే రాగులు, నయం. వంద గ్రాముల చోళ్లలో పీచు 11 గ్రాముల దాకా ఉంటుంది, తెల్లబియ్యంలో మూడు కూడా ఉండదు. కానీ పొటాషియం, ఫాస్పరస్ కూడా ఉంటాయి కాబట్టి అంబలిగా కాకుండా చిన్న రొట్టెగా, వారానికి రెండు మూడుసార్లు, రక్తపరీక్షలు చూసుకుంటూ తినండి.

జయపురం మాస్టారు | బుధవారం, ఉదయం 10:10

మా కోరాపుట్‌లో మాండియా, అంటే ఈ చోళ్లే, తినని ఇల్లుండదు. నా భార్యకు దాన్ని పూర్తిగా మాన్పించాను. ఆమె అడిగింది, నేను ఇవ్వలేదు. వారానికి ఒక్క రొట్టె ఇచ్చి ఉండొచ్చని ఇప్పుడు చదువుతున్నాను.

గుణుపురం కోడలు | బుధవారం, రాత్రి 9:50

అందరికీ దండాలు. మంగళవారమే అడ్మిట్ చేసుకున్నారు, కల్చర్‌కి రక్తం తీసి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఈరోజు ల్యాబ్ నుంచి మాట వచ్చింది, పైపులోనే ఇన్‌ఫెక్షన్. పాత పైపు తీసేశారు. "ఇంకొన్నాళ్లు ఆగితే గుండె కవాటాలకు పాకేది" అన్నారు డాక్టరుగారు. టెక్నీషియన్ తమ్ముడూ, నువ్వు ఆ రాత్రి చలి గురించి అడగకపోతే మేం ఇంకా దుప్పట్లు కప్పుతూనే ఉండేవాళ్లం.

గుణుపురం కోడలు | ఎనిమిది వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:20

చాలా రోజులైంది, క్షమించండి. కుడి చేతికి కొత్త ఫిస్టులా చేశారు. అది పక్వానికి వచ్చేదాకా ఇంకో పైపుతో నడిపిస్తున్నారు, బంతి పిసికే వ్యాయామం చేయిస్తున్నాను. సీఆర్‌పీ ఈసారి 0.6, కొలత చూసే రాస్తున్నాను, డెసిలీటరుకే. హిమోగ్లోబిన్ 9.1. ఇంజెక్షన్ అదే, మోతాదు పెంచలేదు. నెలన్నరగా వారానికి మూడుసార్లు తీసుకెళ్తున్నాం. ఫిల్టర్ మామూలుదే. ఆల్బుమిన్ 3.4 ఉందట, నీటి పరీక్షలు చూశాక హై ఫ్లక్స్ సంగతి ఆలోచిద్దామన్నారు డాక్టరుగారు.

తిండి విషయం. ఆనపకాయ వార్చి పోపు పెట్టి ఇచ్చిన మొదటిరోజు అత్తయ్య కంచం ముందు కూర్చుని కాసేపు తినలేదు. ఏమైందంటే "ఏడాదైంది కదే కూర చూసి" అంది. ఇప్పుడు రోజు విడిచి రోజు సాఫీగా విరేచనం అవుతోంది. పొటాషియం 5.9 ఉండేది, 5.1కి వచ్చింది. ఏది దేనివల్ల తగ్గిందో నాకు తెలియదు, అన్నీ ఒకేసారి మొదలుపెట్టాం.

మేడమ్, ఒకటి అడగమంది అత్తయ్య. బీరపొట్టు పచ్చడి తినాలని ఉందట. పెట్టొచ్చా?

పర్లాకిమిడి డైటీషియన్ | ఆదివారం, సాయంత్రం 6:05

పెట్టమ్మా. పొట్టు ఉడికించి నీళ్లు వార్చెయ్యి. చింతపండు బదులు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండు. ఉప్పు చిటికెడే, మెంతులు, ఎండుమిర్చి పోపు బాగా వెయ్యి. మొదటిసారి రెండు చెంచాలు చాలు. ఎలా ఉందన్నదో రాయి.